బోర్లించిన పుట్టి



మనది కరువు సీమ, పడవల సంగతి మనకెందుకని మీరు అడగవచ్చును. అయితే సుంకేసుల నుండి కడప దాకా పోయే మన కె.సి. కాలువను 1863-70 సంవత్సరముల మధ్య సాగుకే కాక పడవల రాకపోకలకు కూడా తవ్వించారు. ఆ పడవలు పోయినవి. ఏటిమీద పుట్టి మిగిలినది. వెదురు బద్దలతో అల్లిన ఈ గుండ్రని పడవకు పూర్వము తోలు కప్పేవారు; ఇప్పుడు పట్టా కప్పి తారు పూస్తున్నారు.

ఒక వేసవిలో, శ్రీశైలం జలాశయము ఆవలి ఒడ్డున కూటమునకు పోవలెనని రేవుకు వెళ్లాను. పుట్టి గట్టుమీద బోర్లించి ఉన్నది. "ఈ పొద్దు పోదు అయ్యగారూ, రేపు రండి" అన్నాడు పుట్టి నడిపే పెద్దాయన. నాకు విసుగు కలిగినది. ఆయన ఏమీ అనక, మనుమణ్ణి పుట్టి కిందికి దూరమన్నాడు.

"యాడన్నా వెలుతురు కనపడుతుందా?"

"రెండు చోట్ల, తాతా."

"చూస్తిరా అయ్యగారూ, ఏటి నడుమ ఈ వెలుతురు కనపడదు, నీళ్లే కనపడతాయి" అని, ఆ చోట్ల తారు పూసి ఎండబెట్టాడు. నేను మరునాడు దాటాను.

సముద్రములో తిరిగే తెరచాప పడవలను కూడా ఇట్లే ఒడ్డుకు లాగి, అడుగున పట్టిన గుల్లలు గీకి, రంగు వేస్తారు. పైకి బాగున్నదని ఎవరూ వదలరు.

ఏటి ఒడ్డు సంఘములవారికి నా మనవి ఒకటే. పుట్టి బోర్లించి ఉన్ననాడు నడిపేవానిని తొందరపెట్టకండి. ఆనాటి కూలి ఆయనకు పోతుంది. మన ప్రాణముల కొరకే గదా పోయినది. అందులో కొంత మనము ఇచ్చుకొందము.