తుపాకి ఉన్న ఇల్లు - పసిపిల్లల క్షేమం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి భద్రత గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. డి.ఎ. బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి నాకంటె బాగా చెప్పగలవారు ఈ సభలో ఉన్నారు. నా సర్వీసులో ఎక్కువ కాలం కలెక్టరేటు మెజిస్టీరియల్ సెక్షనులో, ఆయుధ లైసెన్సుల ఫైళ్ల మధ్య గడిచింది. నేను స్వయంగా ఒక్క తూటా కూడా పేల్చినవాణ్ణి కాను. కాని తుపాకి ఉంచుకున్న ఇళ్ల సంగతులు కాగితాల ద్వారా చాలా చూశాను. అందుచేత తుపాకి ఉన్న ఇంట్లో చిన్నపిల్లల క్షేమం అనే విషయం ఎంచుకున్నాను.

"మనకెందుకండీ తుపాకుల గొడవ?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. మూడు కారణాలు మనవి చేస్తాను. మన సభ్యులలో సైన్యంలో చేసి వచ్చినవారు, గార్డు ఉద్యోగం చేసినవారు ఉన్నారు. వారిలో కొందరికి లైసెన్సు ఉంది. రెండు, పల్లెటూళ్లలో తాతల నాటి తుపాకి వారసత్వంగా వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. మూడు, మనలో చాలామంది ఏటా ఆరు నెలలు అమెరికాలో మనవలను చూసుకుంటూ గడుపుతున్నాం. అక్కడ తుపాకి ఇంటి సామానులో ఒకటిగా ఉండే ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

ముందు మన సంగతి చూద్దాం. రిజిస్టరులో మేము రాసుకునేవి ఎక్కువగా ఎస్.బి.బి.ఎల్., డి.బి.బి.ఎల్. తుపాకులు, అంటే ఒంటి గొట్టానివి, జంట గొట్టాలవి. పంట మీద పడే అడవి పందుల కోసం కొందరు, ప్రాణరక్షణకని కొందరు తీసుకునేవారు. దరఖాస్తు మీద పోలీసు వారి రిపోర్టు, రెవెన్యూ వారి రిపోర్టు వచ్చేవి. మనిషి నడవడిక, ఆస్తి, కేసులు అన్నీ విచారించేవారు. ఆ ఇంట్లో పసిపిల్లలు ఎంతమంది, తుపాకి ఏ తాళం కింద ఉంటుంది అన్న ప్రశ్నకు మాత్రం ఆ కాగితాలలో పెద్ద చోటు ఉండేది కాదు. 2016 ఆయుధ నిబంధనలు వచ్చాక ఆయుధ భద్రతలో శిక్షణ, భద్రంగా దాచుకుంటామన్న హామీ కూడా దరఖాస్తులో భాగమయ్యాయి. మంచి మార్పు. అయితే హామీ ఫైలులో ఉంటుంది, తుపాకి ఇంట్లో ఉంటుంది. ఆ రెండింటి మధ్య చూసుకోవలసింది ఇంటి పెద్దే.

ఒకసారి ఒక పెద్ద రైతు లైసెన్సు రెన్యువలుకు చలానా పట్టుకుని వచ్చారు. వెంట ఏడెనిమిదేళ్ల మనవడు. "తుపాకి ఎక్కడ పెడతారండీ?" అని మాటవరసకు అడిగాను. "అటక మీద, గోనెపట్టాలో చుట్టి. పిల్లలకు తెలియదులెండి" అన్నారు. ఆయన పంచె కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు, "తూటాలు మాత్రం బియ్యం డబ్బా వెనకాల ఉంటాయి కదా తాతయ్యా!" అన్నాడు. సెక్షను సెక్షనంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. తరువాతి రెన్యువలుకు వచ్చినప్పుడు, ఇనుప బీరువా కొని లాకరులో పెట్టానని ఆయనే నాతో చెప్పారు.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదే. దాచడం వేరు, తాళం వేయడం వేరు. ఇంట్లో మిఠాయి ఎక్కడ ఉందో తెలిసిన పిల్లలకు తుపాకి ఎక్కడ ఉందో తెలియదనుకోవడం పెద్దల భ్రమ.

"మా పిల్లలకు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాం" అనేవారు ఉన్నారు. చెప్పాలి, తప్పదు. కాని అది చాలదు. అమెరికాలో వైద్యులు ఒక పరిశీలన చేసి 2001లో ప్రకటించారు. 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లలు 64 మందిని 29 జట్లుగా చేసి, ఒక గదిలో కాసేపు వదిలారు. సొరుగులో పేలకుండా చేసిన అసలు తుపాకి పెట్టి, అద్దం వెనక నుంచి గమనించారు. 21 జట్లు తుపాకిని కనిపెట్టాయి. వాటిలో 16 జట్లు చేతిలోకి తీసుకున్నాయి. 10 జట్లలో ఎవరో ఒక పిల్లవాడు ట్రిగ్గరు కూడా నొక్కాడు. చేత్తో పట్టుకున్న ఆ పిల్లల్లో నూటికి తొంభైమందికి పైగా అంతకుముందు జాగ్రత్తలు చెప్పించుకున్నవారే. చాలామందికి అది అసలుదో బొమ్మదో కూడా తెలియలేదు. వాళ్లు చెడ్డ పిల్లలు కారు, పిల్లలు అంతే. బుద్ధి చెప్పడం మన ధర్మం. తాళం వేయడం కూడా మన ధర్మమే, పిల్లవాడిది కాదు.

మరి ఎలా దాచాలి? అక్కడే 2005లో వచ్చిన మరొక అధ్యయనం నాలుగు పనులను విడివిడిగా పరిశీలించింది. నాలుగింటిలో ప్రతి ఒక్కటీ పిల్లల ప్రమాదాలు, ఆత్మహత్యలు తగ్గడంతో ముడిపడి ఉందని తేల్చింది. వాటిని మన ఇళ్లకు అన్వయించి చెబుతాను, రాసుకోండి.

1. తుపాకిలో తూటా ఉంచరాదు. బయటినుంచి రాగానే తెరిచి, గొట్టం కళ్లారా చూసి, ఖాళీ అని నిర్ధారించుకున్నాకే లోపల పెట్టాలి.

2. తుపాకిని ఇనుప బీరువాలో గాని, గోడకు బిగించిన పెట్టెలో గాని పెట్టి తాళం వేయాలి. ట్రిగ్గరుకు వేసే తాళాలు కూడా ఉన్నాయి.

3. తూటాలు తుపాకితో కలిపి ఉంచరాదు.

4. తూటాల పెట్టెకు కూడా తాళం ఉండాలి.

ఈ నాలుగింటికీ నా అనుభవంతో అయిదవది చేరుస్తున్నాను. తాళం చెవి బీరువా నెత్తి మీద, పరుపు కింద, దేవుడి పటం వెనక పెడితే తాళం వేయనట్టే లెక్క. అది లైసెన్సుదారు మొలతాడుకో, జేబుకో అంటిపెట్టుకుని ఉండాలి. మన చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివారు తుపాకి కలిగి ఉండరాదు. పండక్కి వచ్చిన మనవడు ముచ్చటపడ్డాడని చేతికిచ్చి ఫొటో తీయడం ముద్దు కాదు. పెళ్లి ఊరేగింపులో గాలిలోకి పేల్చే సరదాకు 2019 సవరణ రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పెట్టింది.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "దొంగ తలుపు తోసుకుని వస్తే, తాళాలు తీస్తూ కూర్చుంటామా?" న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో 1998లో ప్రచురించిన ఒక లెక్క ఉంది. మూడు నగరాలలో ఇళ్ల దగ్గర జరిగిన కాల్పులు పరిశీలిస్తే, ఆత్మరక్షణకు తుపాకి పేలిన ఒక్కొక్క సందర్భానికి ప్రమాదవశాత్తు పేలినవి 4, నేరపూరిత దాడులు, హత్యలు 7, ఆత్మహత్యలు, ఆత్మహత్యా ప్రయత్నాలు 11 తేలాయి. ఈ లెక్క మీద అక్కడ వాదోపవాదాలు జరిగాయి. పేల్చకుండా చూపించి బెదిరించినవి ఇందులో లేవని ఆక్షేపించినవారున్నారు. అయినా ఇంట్లోవారికే ముప్పు ఎక్కువన్న సంగతి కొట్టిపారేయలేం. తప్పదనుకునేవారి కోసం అంకెలు నొక్కితేనో, వేలిముద్ర పెడితేనో వెంటనే తెరుచుకునే చిన్న ఉక్కు పెట్టెలు వచ్చాయి. పెద్దవాడికి తెరుచుకుంటుంది, పసివాడికి తెరుచుకోదు.

మన వయసువారికి అసలు రక్షణ తలుపు దగ్గర మొదలవుతుంది. గ్రిల్లుకు తాళం, తలుపుకు గొలుసు, వీధి దీపం, పక్కింటివారి ఫోను నంబరు, పోలీసు సహాయానికి 112. ఊరు వెళ్లేటప్పుడు స్టేషనులో చెప్పి వెళ్లడం. ఆత్మరక్షణ హక్కు మనకు చట్టం ఇచ్చినదే. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. అయితే అవసరమైనంత మేరకే అన్న షరతు కూడా అక్కడే ఉంది.

ఇక అమెరికా ప్రయాణం. అక్కడ 2020లో 1 నుంచి 19 ఏళ్ల లోపు వారి మరణాలకు కారణాలలో తుపాకి మొదటి స్థానానికి వచ్చింది, కారు ప్రమాదాలను దాటి. విజిటరు వీసా మీద వెళ్లే మనం గాని, హెచ్-1బి మీద ఉన్న మన పిల్లలు గాని తుపాకి ఉంచుకోవడాన్ని, కొన్ని మినహాయింపులతో, అక్కడి కేంద్ర చట్టం నిషేధిస్తుంది. కనుక సరదాకైనా ముట్టుకోకండి. గ్రీన్ కార్డు, పౌరసత్వం వచ్చిన పిల్లలు కొనుక్కోవచ్చు, కొందరు కొంటున్నారు. మీ అబ్బాయి ఇంట్లో ఉంటే మొహమాటపడకుండా, "నాయనా, అది ఎక్కడ ఉంది, తాళం ఉందా, చెవి ఎవరి దగ్గర?" అని అడగండి. అడిగే హక్కు తాతకు, నాయనమ్మకు, అమ్మమ్మకు ఉంది.

మనవలు ఆడుకోవడానికి వెళ్లే ఇళ్ల సంగతి ఇంకొకటి. అక్కడి పిల్లల వైద్యుల సంఘమే ఈ ప్రశ్న అడగమని తల్లిదండ్రులకు సలహా ఇస్తోంది. ఏటా జూన్ 21న ఇందుకోసం ప్రచారం చేస్తారు. కుక్క ఉందా, ఈతకొలను ఉందా అని అడిగినట్టే, "మీ ఇంట్లో తుపాకి ఉంటే తాళం వేసి ఉందా?" అని అడగాలి. మనం పోయి అడగడం బాగుండదు. కోడలితోనో అల్లుడితోనో అడిగించాలి. పిల్లల చేతికి తుపాకి అందేలా వదిలేస్తే పెద్దలను శిక్షించే చట్టం మొదట ఫ్లోరిడా రాష్ట్రంలో 1989లో వచ్చింది. తరువాత చాలా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. మిచిగన్ రాష్ట్రంలో 2021 నవంబరు 30న 15 ఏళ్ల కుర్రవాడు తన బడిలో నలుగురు విద్యార్థులను కాల్చి చంపాడు. 2024లో అతని తల్లికి, తండ్రికి కూడా కనీసం 10 ఏళ్ల జైలు పడింది.

మరొక్క సంగతి చెప్పక తప్పదు. తాళం పసివాళ్ల కోసమే కాదు. పరీక్ష తప్పిన కుర్రవాడికి, భార్య పోయి ఒంటరి అయిన ముసలివాడికి ఒక చెడు గడియ వస్తుంది. ఆ గడియ గడిచిపోతే మనిషి నిలబడతాడు. ఇంట్లో ఎవరి మనసైనా బాగా లేదనిపిస్తే, ఆయుధాన్ని కొంతకాలం ఇల్లు దాటించండి. పోలీసు స్టేషనులో గాని, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి వద్ద గాని డిపాజిటు చేసి రసీదు పుచ్చుకోవచ్చు. మనసు విప్పి మాట్లాడుకోవడానికి టెలి మానస్ వారి 14416 నంబరు ఉచితంగా పనిచేస్తుంది.

చివరగా కుటుంబ పింఛను పొందుతున్న సోదరీమణులకు. లైసెన్సుదారు కాలం చేశాక ఆ తుపాకి బీరువాలో ఉండనీయడం చట్టవిరుద్ధం. ఆయుధ చట్టం 21వ సెక్షను ప్రకారం ఆలస్యం లేకుండా డిపాజిటు చేయాలి. ముందు స్టేషనుకు కబురు చేసి, వారు చెప్పిన ప్రకారం అప్పగించి, రసీదు పింఛను కాగితాలతో పాటు భద్రపరచండి. వారసులు కావాలనుకుంటే తమ పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వద్దనుకుంటే, అంతకంటె మంచిది లేదని నా అభిప్రాయం.