ఎక్స్‌రే పరీక్షకు మట్టి నమూనా తీసి పంపు విధానము

(పాతపట్నం రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఎరువు కొనుటకు ముందు భూసార పరీక్ష చేయించవలెనను మాట మీకు క్రొత్త కాదు. 2015లో ప్రారంభమైన పథకము క్రింద ఇచ్చు భూసార పత్రములో 12 అంశములు ఉండును. నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము, జింకు మొదలైన పోషకములెన్ని ఉన్నవో, నేల పులుపో చౌడో ఆ పత్రమువలన తెలియును. కాని గాదెలో ధాన్యమెంత ఉన్నదో తెలిసినంత మాత్రమున గాదె ఎంత గట్టిదో తెలియదు గదా! పోషకములను పట్టి ఉంచునది నేలలోని బంకమన్ను. ఆ బంకమన్ను ఏ జాతిదో చెప్పునది ఎక్స్‌రే పరీక్ష.

బంకమన్ను రేణువు కంటికి కనిపించదు. దాని పరిమాణము మిల్లీమీటరులో 500వ వంతు కంటె తక్కువ. 1912లో జర్మనీ దేశపు లవే అను శాస్త్రజ్ఞుని ప్రయోగమువలన ఎక్స్ కిరణములు స్ఫటికములపై పడి నియమిత దిశలలో చెదరునని తేలినది. 1916లో డిబై, షెరర్ అనువారు పొడిపై ఈ పరీక్ష చేయు పద్ధతి కనుగొనిరి. బంకమన్నుకు నిర్దిష్టమైన స్ఫటిక నిర్మాణము లేదని తలచిన పండితులు ఆ కాలమున చాలమంది. 1930లో అమెరికాలో హెండ్రిక్స్, ఫ్రై అనువారు నేలలోని బంకమన్ను సైతము స్ఫటికమేనని ఈ పరీక్షతో నిరూపించిరి.

ఇది మీ సేద్యమునకు ఎట్లు సంబంధించినదో చూడుడు. అడ్డాకు విస్తళ్ల కట్టను తలచుకొనుడు. బంకమన్ను రేణువు అట్టి పొరల దొంతర. కయోలినైటు అను జాతిలో పొరలు బిగిసి ఉండును. నీరు, పోషకములు నడుమకు చొరలేవు. ఇల్లైటు జాతిలో పొరల మధ్య పొటాషు ఇమిడి ఉండి, మెల్లమెల్లగా బయటకు వచ్చును. స్మెక్టైటు జాతిలో పొరలు వదులు. నీరు చొచ్చినప్పుడు ఉబ్బును, ఎండినప్పుడు నెఱ్ఱె విచ్చును. ఎక్స్ కిరణములు ఈ పొరల ఎడము కొలుచును. కయోలినైటుకు ఎడము సుమారు 7 ఆంగ్‌స్ట్రాములు, ఇల్లైటుకు 10. స్మెక్టైటుకు గాలిలో ఆరినప్పుడు 12 నుండి 15. గ్లైకాలు అను ద్రవము పట్టించినచో 17. ఆంగ్‌స్ట్రామనగా సెంటీమీటరులో పది కోట్లవ వంతు.

ఎర్ర నేలలలో సాధారణముగా కయోలినైటు హెచ్చు. అట్టి నేలకు ఎరువంతయు ఒక్కసారి వేసినచో వానకు కొంత కొట్టుకొని పోవును. దఫదఫాలుగా వేయుట, పచ్చిరొట్ట, పశువుల ఎరువు తోలుట అవసరము. స్మెక్టైటుకు పోషకములను పట్టి ఉంచు శక్తి కయోలినైటు కంటె సుమారు పది రెట్లు. కాని అదను తప్పి దున్నినచో పెద్ద పెద్ద పెళ్లలు లేచును.

అయితే ఈ పరీక్ష అందరికిని అక్కరలేదు. ముందు మామూలు భూసార పరీక్ష చేయించుడు. దాని సలహా ప్రకారము నడచినను పొటాషు, భాస్వరము పనిచేయని మడి ఉన్నచో, లేక ఒకే కమతములో ఒక భాగము మిగిలిన దానికంటె వేరుగా ప్రవర్తించుచున్నచో, మీ వ్యవసాయాధికారిని లేక కృషి విజ్ఞాన కేంద్రము వారిని అడుగుడు. ఎక్స్‌రే యంత్రములు విశ్వవిద్యాలయములలోను, నాగపూరులోని జాతీయ నేలల సర్వే సంస్థ వంటి పరిశోధనాలయములలోను ఉండును. ముందుగా ఉత్తరము వ్రాసి, వారు అంగీకరించిన పిమ్మటనే నమూనా పంపవలెను.

ఇక నమూనా సంగతి. ఒక ఎకరములో 15 సెంటీమీటర్ల లోతు వరకు ఉన్న మట్టి సుమారు 9 లక్షల కిలోలు. యంత్రములో పెట్టు పొడి ఒకటి రెండు గ్రాములు మాత్రమే. ఆ చిటికెడు మన్ను ఎకరమంతటికి సాక్షి. సాక్షి తప్పు చెప్పినచో తీర్పు తప్పును; మీరు పెట్టిన ఎరువు ఖర్చు, ఆ యేటి పంట రెండును పోవును.

మన పాతపట్నం పరిసరములలో ఒకే రైతుకు కొండ దిగువను ఎర్ర మెట్ట, మహేంద్రతనయ ఒడ్డున ఒండ్రు మడి ఉండవచ్చును. ఈ రెండింటి మట్టిని ఎన్నడును కలుపరాదు. కలిపినచో ఎక్కడను లేని నేలకు ఫలితము వచ్చును. రంగు, ఏటవాలు, పంట వేరైన ప్రతి చోటికి వేరు నమూనా తీయవలెను.

పంట కోసిన పిమ్మట, ఎరువు వేయక మునుపు తీయుడు. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్ప ఉండిన చోటు, కాలువ అంచు విడువవలెను. ఎకరమునకు 8 లేక 10 చోట్ల పైచెత్త తొలగించి, 15 సెంటీమీటర్ల లోతు గొయ్యి ఏటవాలుగా త్రవ్వి, ఒక ప్రక్క పైనుండి క్రిందివరకు ఒకే మందమున మట్టి చెక్కవలెను. రెండడుగుల లోతు నుండి వేరొక నమూనా తీసి విడిగా ఉంచినచో మరింత మేలు. చెక్కిన మట్టిని శుభ్రమైన గుడ్డపై కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు రెండు తీసివేయుడు. అర కిలో మిగులువరకు ఇట్లే చేయవలెను.

మట్టిని నీడలో ఆరబెట్టుడు. పొయ్యి మీద, పెనము మీద ఎండించరాదు. వేడికి కొన్ని ఖనిజములలోని నీరు పోయి వాటి రూపమే మారును. గడ్డలను చెక్క సుత్తితో చిదిపి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టుడు. అంతటితో మీ పని ముగిసినది. రోటిలో వేసి పిండి చేయరాదు. రాతి పొడి, ఇనుప రజను అందులో కలియును. అతిగా నూరినచో స్ఫటికములు చెడును. మెత్తగా నూరుట, ఇసుక నుండి బంకమన్ను వేరుచేయుట ప్రయోగశాల వారి పని. నీటిలో కలిపిన మట్టి 10 సెంటీమీటర్లు తేరుటకు సుమారు 8 గంటలు ఆగి, అప్పటికిని పైన తేలు బంకమన్నును వారు తీసికొందురు. అట్లు చేయనిచో ఇసుకలోని పలుగురాయి గుర్తులు మిగిలిన వాటిని కప్పివేయును.

ఆరిన మట్టిని మందమైన క్రొత్త ప్లాస్టిక్ సంచిలో పోసి మూతి కట్టుడు. ఎరువుల సంచి పనికిరాదు. దళసరి కాగితముపై పెన్సిలుతో నమూనా సంఖ్య, రైతు పేరు, గ్రామము, మండలము, సర్వే నంబరు, లోతు, తీసిన తేదీ వ్రాసి, ఆ చీటీని మట్టిలో వేయక, రెండవ సంచిలో మొదటి సంచి పెట్టి వాటి నడుమ ఉంచవలెను. సంఖ్యను పైసంచి మీదను వ్రాయుడు. సీసాలు దారిలో పగులును. కాగితపు కవర్ల నుండి పొడి కారును. కనుక సంచులను గట్టి అట్టపెట్టెలో కదలకుండ సర్ది, సందులలో కాగితములు కూరి, పోస్టు పార్సెలుగా పంపుడు. నేల రంగు, మూడేండ్ల పంటలు, వేసిన ఎరువులు, మీకు కలిగిన అనుమానము వివరించు ఉత్తరము ఒకటి పెట్టెలోను, దాని నకలు విడిగాను పంపవలెను. కొంత మట్టిని అదే సంఖ్య వేసి ఇంట దాచుకొనుడు. పార్సెలు తప్పిపోయినను, ఫలితముపై సందేహము కలిగినను అక్కరకు వచ్చును.

ఒక్క మాట మరువకుడు. ఎక్స్‌రే పరీక్ష నేలలో నత్రజని ఎంత ఉన్నదో చెప్పదు. ఎకరాకు ఎన్ని బస్తాలు వేయవలెనో చెప్పదు. అది భూసార పత్రమునకు తోడు మాత్రమే. రెండు ఫలితములను ఒకచోట పెట్టుకొని అధికారితో చర్చించిన పిమ్మటనే ఎరువుల మోతాదు నిర్ణయించుకొనుడు. ఈసారి కోతలు కాగానే, దుక్కికి ముందే, మీలో అవసరమున్నవారు పార, గుడ్డ, జల్లెడ సిద్ధము చేసికొందురని ఆశించుచున్నాను.