గోదావరి సీమలో క్రీస్తు రాజ్య నిరీక్షణ

భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 1876లో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో రాసి, అక్కడి కోయ గిరిజనుల జీవితాన్ని లోకానికి తెలిపిన దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం, ఆయన బోధించిన విశ్వాసంలోని ఒక్క అంశానికే, అంటే క్రీస్తు తిరిగి వచ్చి ఏలుతాడనీ చెడుగు శాశ్వతంగా ఓడిపోతుందనీ క్రైస్తవులు పెట్టుకున్న నిరీక్షణకే, పరిమితమవుతుంది. ప్రకటన గ్రంథం ఇరవయ్యో అధ్యాయంలోని వెయ్యేండ్ల పాలనను తొలి శతాబ్దాలవారు పలువురు అక్షరాలా నమ్మడమూ, అగస్టీను దానిని సంఘకాలంగా వ్యాఖ్యానించడమూ సభాసదులు ఎరిగినవే.

నిశితంగా చూడవలసిన ఘట్టం 1836లో మొదలవుతుంది. మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ప్రేరణతో ఇంగ్లండు విడిచిన ఇద్దరు బార్న్‌స్టేపుల్ వాసులు, రాతిపనివాడు విలియం బౌడెన్, చెప్పులు కుట్టే జార్జి బీర్, నరసాపురాన్ని కేంద్రం చేసుకుని బ్రదరన్ సహవాసానికి, అంటే అభిషిక్త పాదిరీలు లేకుండా విశ్వాసులే కూడి ఆరాధించే పద్ధతికి, డెల్టాలో పునాది వేశారు. ప్రభువు వచ్చేవరకు ఆయన మరణాన్ని ప్రచురపరచాలన్న పౌలు మాటను పట్టుకున్న వారికి, ఆదివారం రొట్టె విరవడమంటే గడచిన సిలువనూ రాబోయే రాజునూ ఒకేసారి తలచుకోవడం. గోదావరికి ఎగువన, 1845లో మిషనరీ వాలెట్ ప్రారంభించిన రాజమండ్రి లూథరన్ మిషన్‌కు ప్రమాణమైన 1530 నాటి ఔగ్స్‌బర్గ్ ఒప్పుకోలు, పునరుత్థానానికి ముందే భక్తులు లోకరాజ్యాన్ని చేపడతారన్న తలంపును పదిహేడో అధికరణంలో ఖండించింది. గోదావరి ప్రజలు ఈ రెండు బోధలనూ ఇంచుమించు ఒకే తరంలో విన్నారు. అయితే తగవు రాజ్యం ఎప్పుడు, ఏ రూపంలో అన్నదాని మీదనే గాని, గెలుపు ఎవరిదన్నదాని మీద కాదు.

ఇక్కడ ఒక వాదాన్ని గట్టిగా తిరస్కరించవలసి ఉన్నది. 1965లో ‘రెబెలియస్ ప్రాఫెట్స్’ రాసిన స్టీఫెన్ ఫుక్స్ బాటలో, కొండల తిరుగుబాట్లను కూడా మెస్సీయ ఉద్యమాలుగా, అంటే రానున్న రక్షకుని చుట్టూ అల్లుకున్న కదలికలుగా, లెక్కించే పండితులున్నారు. కానీ 1879లో గోదావరి కొండల్లోని రంపసీమ లేచింది కల్లు మీద చిగురుపన్నునూ, స్థానిక పాలకుడైన మన్సబుదారు దోపిడీనీ భరించలేక. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో గూడెం, రంప తిరుగుబాట్లను పరిశీలిస్తూ కొండసీమ బతుకునూ బయటివారి చొరబాటునూ ముందుకు తేవడం సమంజసమే. 1900లో విశాఖ ఏజెన్సీలో కొర్ర మల్లయ్య తాను పాండవులలో ఒకడి అవతారమనీ, పసికందైన తన కొడుకు కృష్ణుడనీ ప్రకటించి, అనుచరుల వెదురుకర్రలు తుపాకులవుతాయనీ, సర్కారు ఆయుధాలు నీరవుతాయనీ చెప్పినప్పుడు, ఆ ఆశ పలికింది మహాభారత కథ మాటల్లోనే. అదీ గాక, క్రైస్తవుడు ఎదురుచూసే రాజు చంపబడి లేచినవాడు; ఆయన గెలుపు విశ్వాసుల ఆయుధబలం మీద ఆధారపడదు. రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల కొండవారి కోపమూ, క్రైస్తవుల నిరీక్షణా రెండూ తమ రూపాన్ని కోల్పోతాయి.

సమయాభావం వల్ల తరువాతి దశలను స్పృశించి విడువవలసి వస్తున్నది. 1925లో పదకొండవ పయస్ పోపు క్రీస్తురాజు పండుగను నెలకొల్పగా కతోలిక గుడులు దానిని ఏటేటా జరుపుకుంటున్నాయి. హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా సువార్తికుడు భక్త్‌సింగ్ సహవాసాలు తెలుగునాట విస్తరించాయి. పెంతెకొస్తు సంఘాలలో అనేకం సంఘం ఎత్తబడటం, శ్రమకాలం, వెయ్యేండ్ల పాలన అన్న వరుసను బోధిస్తున్నాయి. ఆ వరుసను పంతొమ్మిదో శతాబ్దంలో ప్రచారంలోకి తెచ్చినవాడు బ్రదరన్ నాయకుడు డార్బీ; అతని సంకుచితత్వం గురించి 1836లోనే లేఖ రాసి హెచ్చరించినవాడు బౌడెన్, బీర్లను ఈ తీరానికి తెచ్చిన గ్రోవ్స్.