వేళ్ల బుడిపెలలోని మేలు



ఇండ్లు క్రిక్కిరిసిన బోరబండలో నా పెరటియందు చిక్కుడు పందిరి యొకటి కలదు. పూతకు వచ్చిన వేళ, ఒత్తుగా నున్న మొక్కలలో నొకదానిని పెల్లగింపగా, వేళ్లకు జొన్నగింజలంతేసి బుడిపెలు కానవచ్చెను. పొరుగింటి పెద్దమ్మగారు చూచి, “అయ్యో నాయనా, దీనికేదో తెగులు పట్టినది” అనిరి. నేనొక బుడిపెను గోటితో చిదిపితిని. లోపల గులాబివన్నె! “తెగులు కాదు పెద్దమ్మా, ఇది మొక్కకు వంటయిల్లు” అంటిని. ఆ వంటయింటిని గూర్చియే నేడు ముచ్చటించెదను.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని యున్నను, పైరు దానిని నేరుగా గ్రహింపజాలదు. అపరాలజాతి మొక్కలు ఈ బుడిపెలమూలమున దానిని పొందునని 1886లో జర్మనీయందు హెల్‌రీగల్, విల్‌ఫార్త్ అనువారు నిరూపించిరి. 1888లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైజరింక్ బుడిపెలలోని సూక్ష్మజీవులను వేరుచేసెను. వానికి రైజోబియమని పేరు. మొక్క వానికి చక్కెర నిచ్చును. అవి మొక్కకు నత్రజని నిచ్చును. పెసర, మినుము తీసిన చేనిలో మఱుపంట ఏపుగా పెరుగుట మీరెఱిగినదే. మాకు చేరువనున్న పటాన్‌చెరువులో 1972లో వెలసిన ఇక్రిశాట్ సంస్థలోను కంది, సెనగ, వేరుసెనగల బుడిపెలపై పరిశోధనలు జరిగినవి.

కొన్ని నేలలలో, ముఖ్యముగా సోయాచిక్కుడు మొదటిసారి వేయు చేలలో, తగిన జీవులుండవు. అప్పుడు విత్తనమునకు పట్టింపవలెను. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల బెల్లము వేసి మరిగించి, పూర్తిగా చల్లార్చి, ఎనిమిది కిలోల విత్తనములపై చల్లి, 200 గ్రాముల రైజోబియం పొడిని పట్టించి, నీడన ఆరబెట్టి వెంటనే విత్తుడు. ఒక పైరు పొడి మఱియొక పైరునకు పనికిరాకపోవచ్చును. తెగుళ్ల మందు పట్టింపదలచినచో ముందుగా పట్టించి, దీనిని చివరను పట్టింపవలెను.

ఇవి ప్రాణులని మఱువకుడు. నేనొకసారి పొట్లమును ఎండలో నుంచి, చచ్చిన పొడిని విత్తనమునకు పూసితిని. సొమ్మును, శ్రమయు వ్యర్థమైనవి. యూరియా మితిమీరినను బుడిపెలు సరిగా కట్టవు.

కావున పూతవేళ నాలుగు మొక్కలను మన్నుతో త్రవ్వి చూడుడు. వేరుప్రక్కన అంటియుండి తేలికగా ఊడివచ్చి, లోపల ఎఱ్ఱగా నున్నది మేలుబుడిపె. వేరే ఉబ్బి, ఊడిరానిచో అది నులిపురుగు తెగులు. మొదటిదానిని చూచి భయపడకుడు. రెండవదానిని చూచి మురియకుడు.

సెలవు.