నిమ్మ

ఊరగాయ జాడీలోను, పులిహోరలోను నిత్యము చవిచూచుచున్న నిమ్మను గూర్చి క్రొత్తగా చెప్పవలసినదేమున్నదని శ్రోతలు తలపవచ్చును. పెరటిలో చెట్టున్నవారు ఒక ఆకును కోసి చూడుడు. కాడకు ఇరుప్రక్కల సన్నని రెక్కయు, ఆకు కాడతో కలియుచోట ఒక అతుకును కనబడును. మారేడును, వెలగయు నిమ్మకు కుటుంబసభ్యులే. మారేడు దళమునందు మూడాకులుండగా నిమ్మకు ఒక్కటియే మిగిలినది. ఆ అతుకు పూర్వపు గుర్తు. ఇక తొనలలో మనము పిండుకొను రసపు తిత్తులు తొనగోడలపై లోపలివైపున మొలచిన నూగువంటివే!

నిమ్మ సంకరజాతి. మాదీఫలమునకును, ఫిలిప్పీను దీవులందలి మైక్రాంతా అను చిన్న అడవిజాతికిని పుట్టినదని 2018లో ప్రకటింపబడిన జన్యుపరిశోధన తేల్చినది.

మన రైతు మోసపోవునది మొక్క కొనునప్పుడే. నాటిన నాలుగైదేండ్లకు గాని సరియైన కాపు రాదు; మొక్క చెడ్డదని తెలియునప్పటికి పెట్టుబడియు, కాలమును పోవును. నేనెరిగిన ఒక రైతు చౌకయని కొన్న మొక్కలు ఆరవయేట సగము ముండ్లే మిగిల్చినవి. నిమ్మగింజలో ఒక విశేషము కలదు. ఒక్క గింజనుండియే రెండు మూడు మొలకలు వచ్చుట కద్దు. వానిలో పెక్కు తల్లికణజాలమునుండి పుట్టినవగుటచే తల్లిచెట్టునే పోలును. పుప్పొడి సంపర్కముచే పుట్టినది వేరుగుణము చూపును. కావున ఏపుగా, ఒకే తీరున పెరిగిన మొక్కలనుంచి, బలహీనమైనవానిని, తేడాగా నున్నవానిని నారుమడిలోనే పెరికివేయవలెను. తల్లిచెట్టు ఏదో అడిగి తెలిసికొనుట అంతకంటె ముఖ్యము. తిరుపతి పరిశోధనస్థానమునుండి వచ్చిన బాలాజీ రకము గజ్జితెగులును కొంత తట్టుకొనును.

ఆ గజ్జితెగులు సూక్ష్మజీవివలన కలుగును. వానచినుకులతో ఆకునుండి ఆకునకు ప్రాకును. ఆకుముడత పురుగు తొలిచిన గాయములు దానికి ద్వారములు. తొలకరికి ముందే ఎండుపుల్లలను, తెగులు సోకిన కొమ్మలను కత్తిరించి కాల్చి, కోతలకు బోర్డోపేస్టు పూయవలెను. ఆరేసి మీటర్ల ఎడమున నాటి, నీరు మొదలును తాకకుండ రెండు వలయముల పాదు చేయవలెను. నీరు నిలిచిన నేల నిమ్మకు గిట్టదు.

గూడూరు, తెనాలి, ఏలూరు ప్రాంతముల రైతులకు తెలిసిన చిక్కు మరొకటి కలదు. పూత ప్రధానముగా జనవరి, ఫిబ్రవరి నెలలలో వచ్చును. కాయ వర్షాకాలమున దిగి ధర పడిపోవును. వేసవి కాయకు పూత అక్టోబరు ప్రాంతమున రావలెను. నీరు ఆపి చెట్టును వాడ్చుదమన్న, నెల్లూరు సీమలో వానలు అప్పుడే మొదలగును. అందుచే జూనులో జిబ్బరెల్లిక్ ఆమ్లము, సెప్టెంబరులో సైకోసెల్, అక్టోబరులో పొటాషియం నైట్రేటు చల్లు పద్ధతి యేర్పడినది. బలమైన చెట్లకే దీనిని చేయవలెను. నీరసించిన తోటకు ముందు పశువుల యెరువు వేయుడు.