గట్టుకు గండి కొడితే డార్క్ మేటర్ మిగులుతుందా?

మురమళ్ళ నుంచి మళ్ళీ నేనే. ఈ ఎపిసోడ్ ఒక తప్పు దిద్దుకోడానికి. పోయినసారి నేను, "సూపర్‌సిమెట్రీ ఉంటే న్యూట్రినోకి బరువు, విశ్వానికి డార్క్ మేటర్, రెండూ ఒకే దెబ్బకి వచ్చేస్తాయి" అనేశాను. ఇంటర్ చదివే మా మేనల్లుడు పట్టేసుకున్నాడు. "మావయ్యా, అన్ని మోడల్స్‌లోనూనా?" అని. కాదు. బీటెక్ చదివి, ఉద్యోగం మానేసి ఇవి చెబుతున్నవాణ్ణి, ఆ ముక్క ముందే చెప్పాల్సింది.

మన చిత్తూరు జిల్లా పక్కనే కోలార్ బంగారు గనులున్నాయి కదా. వాతావరణంలో పుట్టే న్యూట్రినోలు 1965లో మొదట దొరికిన చోట్లలో అదొకటి, 2 కిలోమీటర్లకు పైగా లోతున. వాటికి బరువుందని 1998లో జపాన్‌లోని సూపర్ కమియోకాండే చూపించింది. ఎంత బరువు? ఎలక్ట్రాన్ బరువులో పది లక్షల వంతు కూడా లేదు. అందుకే న్యూట్రినోనే డార్క్ మేటర్ అనలేం. అంత తేలికైనది, అంత వేగంగా పరిగెత్తేది గెలాక్సీలను కూడగట్టలేదు.

సూపర్‌సిమెట్రీ ప్రతి కణానికీ ఒక జోడీ ఉందంటుంది. వీరేశ్వరస్వామికి రోజూ కల్యాణం జరిగే ఊరు మాది, జోడీ అంటే వేరే చెప్పక్కర్లేదు. ఇందులో ఆర్-పారిటీ అనే రూల్ ఒకటుంది. జోడీ కణం విరిగితే, వచ్చే ముక్కల్లో ఇంకో జోడీ కణం ఉండి తీరాలి. అన్నిట్లోకీ తేలికైన జోడీ కణానికి ఇక విరిగే దారే లేదు, అలా మిగిలిపోతుంది. అదే డార్క్ మేటర్ కావచ్చు. ఎక్కువగా న్యూట్రలినో పేరు చెబుతారు.

ఈ రూల్‌ని చేపల చెరువు గట్టు అనుకోండి. గండి కొడితే పక్క పొలానికి నీళ్ళొస్తాయి, అంటే న్యూట్రినోకి బరువొస్తుంది. నిజంగానే అలాంటి మోడల్స్ ఉన్నాయి. కానీ చెరువు ఖాళీ! న్యూట్రలినో ఎప్పుడో విరిగిపోయి ఉంటుంది. గ్రావిటినో మాత్రం నిలబడొచ్చు. దాని లీకు ఎంత చిన్నదంటే, విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళకన్నా ఎక్కువ బతకగలదు. ఆ లీకు నుంచి గామా కిరణాలు రావాలి. ఫెర్మీ టెలిస్కోప్ డేటాలో వెతికారు, ఖాయంగా ఏమీ దొరకలేదు.

గట్టు తెంపకుండా ఇంకో దారి ఉంది: కుడిచేతివాటం న్యూట్రినోని చేర్చడం. దాని జోడీ స్న్యూట్రినో. మామూలు ఎడమ స్న్యూట్రినో అయితే జెడ్ బోసాన్‌తో గట్టిగా తగులుకుంటుంది, డిటెక్టర్లకి ఈపాటికే దొరకాలి. దొరకలేదు. కుడిదానికి ఆ తగులాటం లేదు కాబట్టి ఇంకా రేసులో ఉంది. ఒక్క మెలిక: కుడి న్యూట్రినో మరీ భారీ అయితే దాని జోడీ కూడా భారీదే, ఇందుకు పనికిరాదు. ఇన్వర్స్ సీసా లాంటి, తక్కువ బరువుతో నడిచే మోడల్స్ కావాలి.

న్యూట్రినో బరువునీ డార్క్ మేటర్‌నీ ఒకే మోడల్‌లో కలిపే పని సంగారెడ్డి దగ్గర కందిలో, ఐఐటీ హైదరాబాద్‌లోనూ జరుగుతోంది. ఎల్‌హెచ్‌సీలో మాత్రం ఇంతవరకు ఒక్క జోడీ కణమూ కనబడలేదు.

నా ఓటు గ్రావిటినోకండి. మావాడిది స్న్యూట్రినోకి. ఇన్వర్స్ సీసా ఎపిసోడ్‌కి వాణ్ణే కెమెరా ముందు కూర్చోబెడతాను.