చీనా మాటల నగరములో మనవారి జీవనము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)

  

నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. నేను పండితుడను కాను. సింగపూరులో కొన్ని సంవత్సరములు కట్టడపు పనిచేసి వచ్చినవాడను. అచ్చట తెలిసికొన్న సంగతులను మీకు మనవి చేసెదను. మన పిల్లలలో ఆ వైపు పోదలచినవారు ఉన్నారు గనుక, అవి వారికి ఉపకరించునని నా ఆశ.

2020 జనాభా లెక్కల ప్రకారము సింగపూరు స్థిరనివాసులలో నూటికి 74 మంది చీనావారు. మలయు, చీనా, తమిళము, ఇంగ్లీషు అను నాలుగును అచ్చటి అధికార భాషలు. తెలుగు వానిలో లేదు. మనవారు 1975లో తెలుగు సమాజమును స్థాపించుకొని ఉగాది జరుపుకొనుచున్నారు. కాని పనిచోట మేస్త్రీ నోట వచ్చునది చీనా మాటయే.

నేను పనిలో చేరిన మొదటి వారములోనే క్రేను ఇనుపకడ్డీల మోపును పైకెత్తుచుండగా మేస్త్రీ “సియావ్ సిన్” అని కేక వేసెను. నాకు అర్థము కాక నిలిచి చూచుచుంటిని. ప్రక్కనున్న తమిళ సోదరుడు చేయి పట్టి లాగకున్నచో నేడు మీ యెదుట నిలిచి యుండెడివాడను కాను. ఆ మాటకు అక్షరార్థము “చిన్న గుండె”. భావము “జాగ్రత్త” అని. ఆ రాత్రియే ఒక చిన్న పుస్తకము కొని ఆ మాటను తెలుగులిపిలో వ్రాసికొంటిని. నాటినుండి దినమునకు రెండేసి మాటలు వ్రాసితిని.

చీనా భాషలో స్వరము మారిన అర్థము మారును. “మాయ్” అను మాటను స్వరము దించి లేపి పలికిన కొనుట. ఒక్కపెట్టున దిగవిడిచిన అమ్ముట. సంతలో నేను కూరలు కొనబోయి అమ్మెదనని చెప్పగా దుకాణపు ముసలమ్మ కడుపార నవ్వి, సరిగా పలుకుట నేర్పినది. వారు తేనీటిని “ఛా” అందురు; మన చాయ్ అను మాటకు మూలమదియే. పెద్దలు ఎదురైనచో “భోజనమైనదా?” అని పలుకరింతురు. ఆ పలుకరింపు వినినప్పుడు నాకు మన ఊరే జ్ఞప్తికి వచ్చెడిది.

మా మేస్త్రీ పూర్వులు చీనాలోని ఫుజియను రాష్ట్రమునుండి కూలికై వలస వచ్చినవారట. 1213లో నిర్మింపబడిన మన రామప్ప దేవాలయము ప్రపంచ వారసత్వ పట్టికకు ఎక్కినది 2021 జూలై 25న. ఆ నిర్ణయము చేసిన సభలకు ఆతిథ్యమిచ్చినది ఆ రాష్ట్రపు ముఖ్యనగరమగు ఫుజౌ. ఈ వార్తను, గుడి చిత్రమును అతనికి చూపితిని. “ఇది మీ ఊరా?” అని అతడు ఆశ్చర్యపడెను. అంతవరకు నన్ను అంకెతో పిలిచినవాడు ఆనాటినుండి పేరుతో పిలిచెను.

ఆ నగరములో గ్రంథాలయ విషయమున ఒక దాత చరిత్ర విశేషమైనది. లీ కాంగ్ చియన్ అను వర్తకుడు కూడ ఫుజియనునుండి బాల్యముననే వచ్చినవాడు. 1953లో ఆయన 3,75,000 డాలర్లు విరాళమీయ సిద్ధపడి, గ్రంథాలయము ఉచితముగా నుండవలెననియు, ఆసియా భాషల పుస్తకములకు చోటుండవలెననియు నియమము పెట్టెను. ఆ భవనము 1960లో తెరువబడి, 2004లో తొలగింపబడినది. ఆ సంస్థ మాత్రము వేరొక భవనములో నేటికిని నడచుచున్నది.

అయ్యా! మన గ్రంథాలయమునకు నేను చేయు విన్నపమొక్కటి. విదేశమునకు పోవు ప్రతి యువకుడు తన కాగితములను ముందుగా ఇచ్చట చదివించుకొనవలెను. సింగపూరు అనుమతి ఉత్తరములో మూలవేతనము, మినహాయింపులు వ్రాయబడి యుండును. వానికిని దళారి నోటిమాటకును పొంతన కుదిరినదా అని చూడవలెను. మన దేశమున 1983 నాటి వలసల చట్టము ప్రకారము ఏజెంటు నమోదైనవాడు కావలెను. ఆ నమోదును విచారింపవలెను. సంతకమునకు ముందు చదివినచో అప్పులపాలు కాకుండ తప్పించుకొనవచ్చును. వర్క్ పర్మిట్టుపై పోయినవాడు భార్యాబిడ్డలను వెంట తీసికొని పోజాలడు గనుక, ఆ కాగితములు ఇంటివారికి కూడ తెలియవలెను.

సాయంకాలము ఒక గంట ఈ బల్లయొద్ద కూర్చుండి, వచ్చినవారికి చదివి చెప్పుటకును, నా చిన్న పుస్తకములోని మాటలు నేర్పుటకును నేను సిద్ధముగా నున్నాను. ఆ పుస్తకమును ఈ సభాముఖమున గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను.